అక్కమహాదేవి ఆత్మశోధనము

కల్వకుర్తి మీదుగా శ్రీశైలమునకు పోవు యాత్రికునకు డిండి దాటి మన్ననూరు చేరునప్పటికి మెట్టచేలు వెనుకబడి నల్లమల అడవి ఎదురగును. ఆ దాపుననే అచ్చంపేట కొండలలో శ్రీశైలమునకు ఉత్తరద్వారమైన ఉమామహేశ్వరము కలదు. పడమటి ద్వారమైన అలంపురము గద్వాల సీమలో తుంగభద్ర ఒడ్డున వెలసినది. కావున ఈ నేలవారు తరతరములుగా మల్లికార్జునుని వాకిట కాపురమున్నవారే. ఆ అడవి నడుమ, కృష్ణ ఒడ్డున, అక్కమహాదేవి పేర ఒక కొండగుహ ఉన్నది. పాతాళగంగ నుండి పడవపై ఎగువకు పోయి, గట్టెక్కి నడచినచో పెద్ద రాతితోరణము కనిపించును. దాని వెనుక చీకటి దారి. ఒకరి వెనుక ఒకరు ఒదిగి పోవలసినంత ఇరుకు. దీపపు వెలుగున, చివర, శివలింగ దర్శనమగును.

ఆ గుహలో నమస్కరించి వచ్చువారు పెక్కుమంది. ఆ తల్లి పలికిన వచనములను ఆమె పడిన పాట్లతో కలిపి చదువువారు కొలదిమంది. దేవతగా నిలిపి పూజించుటలో ఒక చిక్కు ఉన్నది. దేవతకు గాయము లేదు, ఆకలి లేదు, సంశయము లేదు. అక్కకు ఆ మూడును ఉండెను. వానిని దాచక తనకు తాను చెప్పుకొనుటయే ఆమె సాధనలో ముఖ్యభాగము. ఆ దృష్టితో చూచినప్పుడే ఆమె చరిత్రము మన ఇండ్లలోని ఆడబిడ్డలకు దగ్గరగా వచ్చును.

ముందుగా వచనమనగా ఏమో చెప్పవలెను. 12వ శతాబ్దమున కన్నడ దేశమున రాజాస్థానములందు వెలసిన కావ్యములు ఛందస్సునకు, అలంకారమునకు, రాజప్రీతికి లోబడినవి. శరణుల వచనము వీనిలో దేనికిని లోబడలేదు. దానికి గణములు లేవు, ప్రాస నియమము లేదు. మడివాలు మాచయ్య బట్టలుతుకువాడు. అంబిగర చౌడయ్య పడవ నడపువాడు. ఆయ్దక్కి లక్కమ్మ, మారయ్య దంపతులు రాలిన బియ్యపు గింజలేరి జంగమదాసోహము జరిపినవారు. పండితుల విద్య నేర్వని ఇట్టివారందరు తమ తమ నోటి మాటలోనే లోపలి సంగతిని చెప్పగలిగిరి. వచనములు పలికిన శరణస్త్రీలు 30 మందికి పైగా ఉండిరి. అంతమంది స్త్రీలు ఒకే కాలమున, ఒకే చోట, తమ మనస్సును తామే మాటలలో పెట్టుకొనుట అంతకు మునుపు మన దేశ వాఙ్మయమున అరుదైన విషయము.

ప్రతి వచనము తుదను ఒక అంకితము ఉండును. బసవేశ్వరునకు కూడలసంగమదేవుడు, అల్లమప్రభువునకు గుహేశ్వరుడు, అక్కకు చెన్నమల్లికార్జునుడు. దీనిని కవి ముద్ర అని మాత్రమే తలచుట చాలదు. అది వినువాని పేరు. వీరశైవుడు ఇష్టలింగమును ఎడమ అరచేత నిలిపి, చూపును దానిపై నిలిపి కూర్చుండును. ఆ ఏకాంతమున మూడవ మనిషికి చోటు లేదు. అచ్చట ఏ మాట పుట్టినను అది ఒకరిని మెప్పించుటకు పుట్టదు. లోపలి నుండి తోచిన మాటను తోచినట్లుగా ఆ లింగమునకు చెప్పి, చివర ఆ పేరు పెట్టుటతో అది వచనమగును. ఈ కాలమున కొందరు ప్రతిదినము ఒక పుస్తకము ముందు పెట్టుకొని, దిద్దక, ఆపక, మనస్సున మెదిలినదెల్ల వ్రాసి తమ్ము తాము తెలిసికొందుమని చెప్పుచున్నారు. ఆ పని మూలమున ఏమున్నదో అక్క వచనములలోను అదియే ఉన్నది. అయితే ఆమె చేతిలో పుస్తకమునకు బదులు లింగముండెను.

ఆమె పుట్టినది ఉడుతడి. నేటి కర్ణాటకమున శివమొగ్గ జిల్లాలో, శికారిపురము తాలూకాలో, శిరాళకొప్ప దగ్గరి గ్రామమది. తలిదండ్రులు శివభక్తులు, వారి పేర్లు నిర్మలుడు, సుమతి అని చామరసుడు చెప్పెను. చిన్ననాడే గురువు వలన లింగదీక్ష పొందిన ఆ బాలికకు చెన్నమల్లికార్జునుడే పతి అను భావము కుదిరెను. ఊరివారికి అది పసితనపు ముచ్చటగా తోచి ఉండవచ్చును. వయస్సు వచ్చిన పిదప అది ముచ్చట కాదని తేలెను.

ఆ సీమను ఏలు కౌశికుడు ఆమె రూపమును చూచి మోహించెను. అతడు శివభక్తుడు కాడు. ఇచ్చట చరిత్రకారులు రెండు త్రోవలు పట్టిరి. హరిహరుని రగళె అన్నిటికంటె ప్రాచీనము. దానిలో తలిదండ్రులకు రాజు వలన ప్రాణభయము కలుగగా, వారిని కాపాడుటకు ఆమె వివాహమునకు ఒడంబడెను. అయితే తన శివపూజకు, శివభక్తుల సాంగత్యమునకు, గురుసేవకు అడ్డు రాకూడదని షరతులు పెట్టెను. మూడుమార్లు కౌశికుడు మాట తప్పెను. ఆమె విడిచి వచ్చెను. 15వ శతాబ్దమున చామరసుడు వ్రాసిన ప్రభులింగలీలలో వివాహమే జరుగలేదు. రాజు మాట దాటగానే ఆమె వెడలిపోయెను. ఈ గ్రంథమే పిడుపర్తి కవుల మూలమున తెలుగులోనికి వచ్చినది గనుక మన వారు పెక్కుమంది రెండవ కథనే ఎరుగుదురు. ఇచ్చట ఒక ముచ్చట. పాల్కురికి సోమనాథుడు తెలుగు ద్విపదలో చెప్పిన బసవపురాణమును భీమకవి 1369లో కన్నడమున చెప్పెను. తెలుగు ఇచ్చిన బసవని కథకు కన్నడము అక్క కథతో బదులు తీర్చినట్లైనది.

అక్క గౌరవమునకు వివాహము కొరతయని కొందరు భక్తులు సంకోచింతురు. ఆ సంకోచము అక్కరలేనిది. లోకపు మగల మీద, చావునకు చేటునకు లోబడిన దాంపత్యము మీద ఆమె వచనములందు ఎంతటి తీక్ష్ణమైన మాట ఉన్నదో చదివినవారికి తెలియును. ఆ తీక్ష్ణత పుస్తకములు చదివి తెచ్చుకొన్నది కాదు. వివాహము జరిగినను జరుగకున్నను, తన దేహముపై తనకు హక్కు లేదని చెప్పిన ఒక ప్రభుత్వపు నీడలో ఆమె కొంతకాలము బ్రతికెను. ఆ నీడను ఆమె తలచుకొని, పేరు పెట్టి, మాటలలోనికి తెచ్చెను. పురాణకర్తలు కప్పిపుచ్చిన దానిని సైతము ఆమె వచనములు కప్పలేదు.

వెడలునాడు కౌశికుడిచ్చిన నగలనే కాక కట్టిన బట్టను సైతము విడిచెనని కథ. పొడవైన తలవెండ్రుకలే ఆమెకు కప్పు. ఒంటరి ఆడుది, యౌవనవతి, ఆ విధముగా ఊరూరు తిరుగుట ఎంతటి అపాయమో వేరుగా చెప్పనక్కరలేదు. వెంటపడినవారున్నారు, వెక్కిరించినవారున్నారు, పిచ్చిదన్నవారున్నారు. ఆమె వచనములలో ఈ కాలమునకు చెందినవని విషయమును బట్టి గుర్తింపదగినవి కొన్ని కలవు. వానిలో వేదాంతము తక్కువ. ఆకలి వేసినప్పుడు ఊరిలో భిక్ష దొరకుట, దాహమునకు చెరువు ఉండుట, పడుకొనుటకు పాడుపడిన గుడి ఉండుట, ఇట్టి చిన్న విషయములను ఆమె లెక్కపెట్టుకొనెను. తనను కామించి వెంబడించు పురుషులతో మాటాడెను. నిందను, స్తుతిని విని కోపింపక ఉండుమని తన మనస్సునకు తానే బుద్ధి చెప్పుకొనెను. ఈ చివరి దానిని కన్నడ దేశమున పాడనివారు లేరు. అందరు దానిని లోకమునకు చెప్పిన నీతిగా పాడుదురు. కాని అది ముందుగా తనకు చెప్పుకొన్న మాట. కోపము రానివారికి ఆ మాటతో పని లేదు.

తన కోరికలే తన్ను బంధించుటను గూడ ఆమె దాచలేదు. తన దారమే తనకు ఉరియగు పట్టుపురుగును ఆమె తలచెను. మాయ తన్ను ఎన్ని రూపములలో పట్టుచున్నదో వరుసగా చూచుకొనెను. ఒక వచనమున ధైర్యము, మరియొక దానిలో దైన్యము. చెన్నమల్లికార్జునుని ఒకచో బ్రతిమాలును, ఒకచో నిలదీయును. ఈ పరస్పర విరోధమును సరిచేయవలెనను ఆలోచన ఆమెకు ఎన్నడును కలిగినట్లు లేదు. దినదినము మారు మనస్సును ఏ దినమునకు ఆ దినము చూచికొనువారి మాటలు అట్లే ఉండును. 400కు పైబడి ఉన్న ఆ వచనములను ఒక్క బిగిని చదివినచో, సిద్ధాంత గ్రంథము చదివినట్లుండదు. ఒక మనిషి లోపల నడచినట్లుండును. ఆమె పేర యోగాంగత్రివిధి అను త్రిపదుల కృతియు కలదు. అది సాధకులకు ఉపయుక్తమే. అయినను ఆమె గొంతు వచనములలో వినిపించినంత స్పష్టముగా అందు వినిపించదు.

కల్యాణమునకు ఆమె రాకను హరిహరుడు చెప్పలేదు. శూన్యసంపాదన మాత్రము దానికే పెద్దపీట వేసినది. అనుభవమంటపమున అల్లమప్రభువు పీఠమున ఉండగా, బసవేశ్వరుడు, చెన్నబసవేశ్వరుడు, పెక్కుమంది శరణులు కూడి ఉండగా, ఆమె వచ్చి నిలిచెను. కిన్నరి బొమ్మయ్య ఆమెను పరీక్షించెను. ప్రభువు అంతకంటె కఠినముగా ప్రశ్నించెను. ఎవరి భార్యవని అడిగెను. దేహాభిమానము విడిచినదానవైతే వెండ్రుకల కప్పు ఎందుకని అడిగెను. తన సిగ్గు కొరకు కాదనియు, చూచువారి మనస్సు నొవ్వకుండుటకనియు ఆమె సమాధానము చెప్పిన తీరున సభ నిశ్శబ్దమాయెను. ఆ సభవారే ఆమెను అక్క అని పిలిచిరి. వయస్సున ఆమె వారిలో చాలమందికంటె చిన్నది.

ఆ పరీక్ష కాఠిన్యమును చూచి నేటి పాఠకులకు ప్రభువు మీద కొంచెము కోపము రావచ్చును. వచ్చినను తప్పు లేదు. అయితే ఒక మాట గమనింపవలెను. అంతవరకు ఆమె లోపలి సంగతి విన్నది లింగమొక్కటే. ఆ దినమున ఆమెకు మనుష్యులు శ్రోతలైరి. అడుగువారు జాలిపడి అడుగలేదు, వెక్కిరించియు అడుగలేదు; తెలిసికొనగోరి అడిగిరి. కౌశికుని సంగతి, దిగంబరత్వము, ఒంటరి నడక, ఏ దానిని గూర్చి ఊరివారు చెవులు కొరుక్కొనిరో దానినంతటిని ఆమె నిండు సభలో, తలవంచక, చెప్పగలిగెను. ఏకాంతమున తనతో తాను ఎన్నియోమార్లు చెప్పుకొననిదే ఆ మాటలు అంత నిలకడగా రావు. కల్యాణమున శరణుల వచనములను భద్రపరచు వచనభండారి శాంతరసుడు ఒకడుండెను. అనగా పలికిన మాటను నిలుపవలెనను శ్రద్ధ ఆ సమాజమున ఉండెను.

మనస్సులోని గాయమును మాటలలో పెట్టుట వలన స్వస్థత కలుగునను విషయము 20వ శతాబ్దమున పాశ్చాత్యులకు పరిశోధనాంశమాయెను. అమెరికాలో జేమ్స్ పెన్నెబేకర్, సాండ్రా బీల్ అను మనస్తత్వవేత్తలు కొందరు విద్యార్థులచే వరుసగా 4 దినములు, దినమునకు 15 నిమిషముల చొప్పున, తమ జీవితమునందలి మిక్కిలి బాధాకరమైన సంఘటనలను వ్రాయించిరి. ఆ ఫలితములను 1986లో ప్రచురించిరి. వ్రాసిన వెంటనే వారి మనస్సు తేలికపడలేదు, మరింత బరువెక్కెను. కాని జరిగిన సంగతిని, దానివలన కలిగిన భావమును రెండింటిని కలిపి వ్రాసినవారు తరువాతి నెలలలో వైద్యశాలకు పోవుట తగ్గెను. పిదప జరిగిన పరిశోధనలలో ఈ మేలు కొన్నిట కనబడినది, కొన్నిట స్వల్పముగానే కనబడినది. అందుచే దీనిని సర్వరోగనివారిణిగా చెప్పరాదు. అక్క విషయమునను అంతే. ఆమె వచనములలో ముందు వచ్చునది ఓదార్పు కాదు, నొప్పి. సంగతిని విడిచి భావమును, భావమును విడిచి సంగతిని ఆమె ఎన్నడును చెప్పలేదు.

కల్యాణమున ఆమె ఎక్కువ కాలము నిలువలేదు. ప్రభువు మాటపై శ్రీశైలమునకు బయలుదేరెను. ఉడుతడిలో పసినాటి నుండి ఏ పేరు పెట్టి పిలిచెనో ఆ స్వామి ఉన్న కొండ అది. కల్యాణము నేటి బీదరు జిల్లాలోని బసవకల్యాణము. అచ్చటి నుండి శ్రీశైలమునకు తిన్నగా గీత గీచినచో అది పాలమూరు సీమను కోసికొని, కల్వకుర్తికి కొంచెము పడమటగా, నల్లమలలోనికి దిగును. ఆమె మజిలీలను ఊరూరా చెప్పిన గ్రంథము లేదు గనుక ఈ ఊరిలో దిగెను, ఆ చెరువున నీరు త్రాగెను అని చెప్పుట సరికాదు. కాని ఆనాడు ఈ సీమ కల్యాణపు చాళుక్యులకు సామంతులైన కందూరు చోళుల ఏలుబడిలో ఉండెను. ఇచ్చటి రాచవ్యవహారము కల్యాణముతోనే సాగుచుండెను. శివరాత్రికి శ్రీపర్వతమునకు పోవు భక్తుల గుంపులు, వారి పాటలు, వారి కష్టములు ఎట్లుండెనో తెలియవలెనన్నచో సోమనాథుని పండితారాధ్య చరిత్రమునందలి పర్వత ప్రకరణము చూడవలెను. అక్క గుంపుతో పోయినది కాదు.

అడవిలో ఆమె మాట తీరు మారినది. మనుష్యులతో వాదము లేదు. చిలుకలను, కోయిలలను, తుమ్మెదలను, నెమళ్లను పలుకరించి స్వామి జాడ అడుగును. చెట్టు చేమ అంతటను ఆయనయే అనును. మరల కనబడడేమని తపించును. విరహమని దీనిని సాహిత్యజ్ఞులు చెప్పుదురు. ఆ పేరు సరియైనదే. అయితే కౌశికుని ఇంట అసహ్యముగా మారిన మోహమను భావమే ఇచ్చట భయము లేని ప్రేమగా మరల ఆమెకు దక్కినదని గమనింపవలెను. ఏ దేహము ఆమెకు బరువాయెనో ఆ దేహముతోనే ఆమె ఇపుడు కొండలెక్కుచున్నది, పూవులు ఏరుచున్నది. గాయము మానుట అనగా ఇదియే కాబోలు. చివరి దశకు చెందినవని తోచు వచనములలో పిలుపు కూడ తగ్గును. ఎవరు ఎవరిని పిలుచుటయను స్థితి వచ్చును. కదళీవనమున ఆమె చెన్నమల్లికార్జునునిలో ఐక్యమాయెనని సంప్రదాయము. అప్పటికి ఆమె మిక్కిలి చిన్న వయస్సులోనే ఉండెను. చైత్రపూర్ణిమ నాడు ఆమె జయంతిని జరుపుదురు.

1167 ప్రాంతమున బిజ్జలుని అంతముతో కల్యాణము అల్లకల్లోలమాయెను. శరణులు చెదరిపోయిరి. తాటాకు కట్టలు ఇండ్లలోను, మఠములందును తలదాచుకొనెను. 15వ శతాబ్దమున విజయనగరపు ప్రౌఢదేవరాయని కాలమున వీరశైవ విరక్తులు వానిని వెదకి కూర్చిరి. ఆ శతాబ్దముననే శివగణప్రసాది మహాదేవయ్య శూన్యసంపాదనను సంకలనము చేసి, వేర్వేరు శరణుల వచనములను సంభాషణ రూపమున అమర్చెను. అక్క ఒంటరిగా పలికిన పలుకులు కొన్ని అందు ప్రభువు ప్రశ్నలకు సమాధానములైనవి. మరికొందరు సంకలనకర్తలు భక్తస్థలము మొదలు ఐక్యస్థలము వరకు షట్స్థల క్రమమున వచనములను పంచిరి. మఠములలో బోధకు ఆ క్రమము మిక్కిలి అనుకూలము. అయితే ఆకలి గూర్చిన మాట ఒక స్థలమునకు, భయము గూర్చిన మాట వేరొక స్థలమునకు పోవుటతో, ఒక జీవితపు వరుస చెదరినది.

విజయపురపు న్యాయవాది ఫకీరప్ప గురుబసప్ప హళకట్టి తన వృత్తిని ప్రక్కకు పెట్టి, ఇల్లిల్లు తిరిగి తాటాకులు సేకరించి, వచనశాస్త్రసారము మొదటి భాగమును 1923లో అచ్చువేసెను. 1926లో శివానుభవ పత్రికను ఆరంభించెను. 1964లో మరణించువరకు ఆయన ఆ పనిని విడువలేదు. 1973లో ఎ. కె. రామానుజన్ ఆంగ్లానువాదముతో అక్క పేరు సముద్రములు దాటెను. 2017లో విజయపురమునందలి మహిళా విశ్వవిద్యాలయమునకు ఆమె పేరు పెట్టిరి. హళకట్టి వంటివారు ఆకులను జాగ్రత్తగా పోల్చి, పాఠములను దిద్ది, అంకితమును బట్టి ఏది ఎవరిదో నిర్ణయించిరి. ఏ వచనము ఉడుతడిలో పుట్టెనో, ఏది త్రోవలో పుట్టెనో, ఏది కదళిలో పుట్టెనో మాత్రము ఏ ఆకు మీదను వ్రాసి లేదు.